పిల్లనగ్రోవి వెనక పదకొండు మంది: ప్రాజెక్టు డైరీ

జనవరి 12

విజయవాడలో ఎవరికన్నా "ఆర్కెస్ట్రా పెడుతున్నాను" అని చెబితే వచ్చే మొదటి ప్రశ్న "బాలు గారి పాటలు ఎవరు పాడతారు?" రెండోది "ఎవరింట్లో పెళ్లి?" మా ఇంట్లోనూ అదే వరస. మా అత్తగారికి మూడు రోజులుగా చెబుతున్నాను, ఇందులో పాడేవాళ్లు ఉండరు, స్టేజీ మీద యాంకరు ఉండదు, పదకొండు మంది కూర్చుని ఒక పిల్లనగ్రోవి వెనక వాయిస్తారు అని. "పిల్లనగ్రోవి వెనక పదకొండు మంది దేనికి? వినపడనిస్తారా?" అన్నారావిడ. నాలుగు నెలల పనిని ఒక్క ముక్కలో తేల్చేశారని అప్పటికి నాకు తెలీదు.

మా పదకొండు మంది లెక్క ఇది. వయొలిన్లు ఆరు, చెల్లో (వయొలిన్ జాతిలో పెద్దది) ఒకటి, క్లారినెట్లు రెండు, యూఫోనియం (పెద్ద ఇత్తడి బూర) ఒకటి, నా కీబోర్డు. వయొలిన్లు, చెల్లో చర్చి క్వాయర్ వాళ్లవి. స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) ముందు పెడితే చూసి వాయించగల గుంపు ఈ ఊళ్లో దొరికేది ఎక్కువగా అక్కడే. క్లారినెట్లు, యూఫోనియం పెళ్లిళ్ల బ్యాండు వాళ్లవి. రోజుకు ఐదు గంటలు ఎండలో నడుస్తూ వాయించే మనుషులు కాబట్టి ఊపిరికి లోటు లేదు. రిహార్సల్ ఆదివారం సాయంత్రాలు, సత్యనారాయణపురంలో ఒక ట్యూషన్ సెంటరు పైగదిలో. అద్దె లేదు గానీ బెంచీలు మేమే సర్దుకోవాలి, మళ్లీ మేమే పరవాలి.

నేను తొమ్మిదేళ్లుగా కర్ణాటక వేణువు నేర్చుకుంటున్నాను. అసలైతే నేనే వాయించుకోవచ్చు. కానీ ఒక విషయం చాలాకాలంగా బుర్ర తొలుస్తోంది. కాపరుల చేతిలోని పిల్లనగ్రోవి కచేరీకి వచ్చిన ప్రతిసారీ మారింది పిల్లనగ్రోవే. పందొమ్మిదో శతాబ్దం చివర శరభశాస్త్రి దాన్ని దక్షిణాది కచేరీలో మొదటి వరస వాద్యంగా నిలబెట్టాడు. ఉత్తరాదిన పన్నాలాల్ ఘోష్ బాన్సురీని 32 అంగుళాల దాకా పొడిగించి, ఖయాల్ గాయకుడి గొంతుకు దీటుగా మంద్రంలో పలికించాడు. యూరప్‌లో థియోబాల్డ్ బోమ్ 1847లో గొట్టానికి మీటలు బిగించి, ఆర్కెస్ట్రా శ్రుతికి వేలెడు తేడా లేకుండా కట్టేశాడు. ముగ్గురూ గొప్పవాళ్లే, వాళ్ల పని నేను కాదనను. కాకపోతే ఒక్కసారైనా పిల్లనగ్రోవిని అలాగే ఉంచి, చుట్టూ ఉన్నవాళ్లను మారమంటే ఏమవుతుంది?

ముందు వాయించే మనిషి దొరకాలి.

జనవరి 17

దొరికాడు. కనుమ మర్నాడు కంకిపాడు వైపు చుట్టాలింటికి వెళ్లాం. పొద్దున్నే ఆరున్నరకి కాలవ గట్టు మీద నడుస్తుంటే, మినుము చల్లకుండా వదిలేసిన మడుల్లో గొర్రెల మంద కనపడింది. వరి కోతలయ్యాక పల్నాడు నుంచి మందలు తోలుకొస్తారు. రాత్రి ఎవరి చేలో మంద కట్టిస్తే ఆ రైతు డబ్బో గింజలో ఇస్తాడు, చేనుకు ఎరువు దక్కుతుంది. మందకు ఒక పక్కగా గొంగళి కప్పుకుని ఒక పెద్దాయన కూర్చుని ఊదుతున్నాడు.

వాయించే తీరు ముందు చెప్పాలి. వేళ్ల కొసలతో కాదు, వేళ్ల నడిమి కణుపు కిందుండే మెత్తటి కండతో రంధ్రాలు మూస్తున్నాడు. మూతి మధ్యలోంచి కాకుండా ఎడమ చెంప వైపు నుంచి గాలి వదులుతున్నాడు. పిల్లనగ్రోవికి నిలువునా చీలిక, దాని మీద నైలాను దారం బిగించి చుట్టి పైన తేనె మైనం పామాడు. మొదలుపెట్టే ముందు సీసాలో నీళ్లు లోపల పోసి, విదిలించి, గొంగళికి తుడిచాడు. ఎండిన వెదురు తడి తాగితేనే చీలిక మూసుకుంటుందట.

నేను వాయిస్తానని చెబితే "ఏదీ, ఊదు" అని తనది నా చేతికిచ్చాడు. నాకు ఒక్క స్వరం సరిగ్గా పలకలేదు. ఆయన నవ్వలేదు గానీ పక్కనున్న కుర్రాడు నవ్వాడు.

"పెద్దయ్యా, ఇది ఏం పాట?"

"పాటేం గాదయ్యా. పొద్దున పూట ఇదొకటి, నీళ్లకు తోలేటప్పుడు ఇంకోటి. వేరేది ఉంది, అది ఊరికే."

ఆ "ఊరికే" ఉన్నదాన్నే ఫోన్లో రికార్డు చేసుకున్నాను. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు.

జనవరి 18, రాత్రి

కొలతలు. వెళ్లేముందు ఆయన్ని అడిగి టేపు, స్కేలు పెట్టి రాసుకున్నవి: మొత్తం పొడవు 38 సెంటీమీటర్లు. ఊదే రంధ్రం మధ్య నుంచి కొస దాకా 33. లోపలి బోలు దాదాపు 14 మిల్లీమీటర్లు. వేళ్ల రంధ్రాలు ఆరు, అన్నిటి మధ్యా ఒకటే ఎడం. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

బజారులో కొనే వేణువుకు రంధ్రాల ఎడం ఒకటిగా ఉండదు, సైజూ ఒకటి కాదు. ఏ స్వరం ఎక్కడ పలకాలో ముందు నిర్ణయించుకుని, దాన్ని బట్టి కాల్చిన కడ్డీతో రంధ్రం వేస్తారు. ఈయన పిల్లనగ్రోవికి రంధ్రాలు వేసింది వేళ్లు హాయిగా ఆనేలా. స్వరాలు ఎక్కడ పడితే అక్కడ పడ్డాయి. పడ్డవాటి మీద ఆయన అరవై ఏళ్లుగా రాగం కట్టుకున్నాడు.

రికార్డింగును శ్రుతి కొలిచే ట్యూనరు యాప్‌కి వినిపించాను. ఆరు రంధ్రాలూ మూస్తే పలికేది పాశ్చాత్య లెక్కలో ఎ-షార్ప్ దగ్గర, 466 హెర్ట్జ్‌కు పాతిక సెంట్లు తక్కువ. (అరస్వరానికి నూరు సెంట్లు. పాతిక అంటే అరస్వరంలో పావు వంతు.) ఆయన వాలి నిలబడే స్వరం మూడు రంధ్రాలు మూస్తే వస్తుంది. అదే షడ్జమం (సా) అనుకుంటే రెండున్నర శ్రుతి, కాస్త దిగువగా. నా కర్ణాటక వేణువు మీద రెండు వేళ్లు మూస్తే షడ్జమం. అందుకే ఆయనది పట్టుకోగానే నా వేళ్లన్నీ పక్కింటి తలుపు తట్టాయి.

ఇక గాంధారం. షడ్జమం నుంచి లెక్కపెడితే సాధారణ గాంధారం 300 సెంట్ల దగ్గర ఉంటుంది, అంతర గాంధారం 400 దగ్గర. సహజ శ్రుతిలో అయితే 386. ఈయనది 350. అదీ ఒకచోట నిలవదు. పైకి వెళ్లేటప్పుడు 370 దాకా పాకుతుంది, దిగేటప్పుడు 330కి జారుతుంది. ట్యూనరు ముల్లు దారి తప్పిన దూడలా అటూ ఇటూ తిరిగింది.

జనవరి 25

మొదటి రిహార్సల్, పెద్దాయన లేకుండా, రికార్డింగు పెట్టుకుని. రెండున్నర శ్రుతి అంటే పాశ్చాత్య లెక్కలో ఇ-ఫ్లాట్. వయొలిన్ల వాళ్లు మొహాలు ముడుచుకున్నారు. వాళ్ల తీగలు జి, డి, ఎ, ఇ. షడ్జమం గానీ పంచమం గానీ ఖాళీ తీగ మీద దొరకదు. బ్యాండు మాస్టారు మాత్రం క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని ముసిముసిగా నవ్వుతున్నాడు. "గురువుగారూ, మాకిది ఎఫ్ అండీ. పెళ్లికొడుకు గుర్రమెక్కే పాటలన్నీ ఇందులోనే కొడతాం." నిజమే, వాళ్ల క్లారినెట్ బి-ఫ్లాట్ వాద్యం. వాళ్లు ఎఫ్ అని వాయిస్తే వినపడేది ఇ-ఫ్లాట్. పల్నాడు గొర్రెల కాపరి, విజయవాడ పెళ్లి బ్యాండు ముందుగా మాట్లాడుకున్నట్టు ఒకే శ్రుతిలో ఉన్నారు.

పాతిక సెంట్లు దిగడానికి గంట పట్టింది. వయొలిన్లకు ఇబ్బంది లేదు, తీగలు బిగించే బిరడాలు సడలిస్తే చాలు. కీబోర్డుకు సెట్టింగ్స్‌లో ఒక అంకె. క్లారినెట్లకు మూతి కింది ముక్క, బ్యారెల్, కాస్త బయటికి లాగాలి. అలా లాగితే పై స్వరాలు దిగినంతగా కింది స్వరాలు దిగవు, అందుకని నడిమి కీలు దగ్గరా కొంచెం లాగారు. యూఫోనియం ఆయన ట్యూనింగ్ స్లైడ్ లాగేసి "అయిపోయిందండీ" అని టీకి వెళ్లిపోయాడు.

అంతా కుదిరాక నేను రాసిన మొదటి పేజీ వాయించారు. కింద ఇ-ఫ్లాట్ మేజర్ కార్డు (ఒకేసారి పలికే మూడు స్వరాలు: సా, గా, పా), పైన రికార్డింగు. కార్డులోని గాంధారం 400, ఆయనది 350. పంటి కింద రాయి పడ్డట్టుంది. గాంధారం 300కి దించి మైనర్ చేసి చూశాను. ఈసారి రాయి రెండో పక్క.

ఫిబ్రవరి 2

తప్పు చేశాను, రాసి పెట్టుకుంటున్నాను. ఆర్కెస్ట్రాను మారమంటానని ఈ డైరీ మొదటి పేజీలో గొప్పగా రాసి, మూడు వారాలు తిరక్కుండానే పిల్లనగ్రోవిని మార్చబోయాను. "అదే సైజు, అదే పట్టు, స్వరాలు మాత్రం సరిచేసినది" ఒకటి చేసిద్దామనుకున్నాను.

వెదురు కోసం కర్రల అడితికి వెళ్తే ఉన్నదంతా నిచ్చెనలకూ పందిళ్లకూ పనికొచ్చేది. సాదన వెదురు గట్టిది, లోపల బోలు తక్కువ. వేణువుకు పలచటి గోడ, పొడుగాటి కణుపు కావాలి, అది అస్సాం వైపు నుంచి వస్తుంది. కొరియర్‌లో వచ్చేదాకా ఆగలేక 20 ఎం.ఎం. కరెంటు పైపు ముక్క తెచ్చాను. ఒక కొసను బిరడాతో మూసి లెక్క కట్టాను. గదిలో 26 డిగ్రీలకు ధ్వని వేగం సెకనుకు సుమారు 347 మీటర్లు. దాన్ని 466కు రెట్టింపుతో భాగిస్తే 37.2 సెంటీమీటర్లు. కానీ అంత పొడవు ఉంచితే శ్రుతి దిగిపోతుంది. లోపలి గాలి ఊదే రంధ్రం దగ్గర, కొస దగ్గర గొట్టం దాటి కాస్త బయటికి కూడా కంపిస్తుంది, అంటే గొట్టం ఉన్నదానికంటే పొడుగున్నట్టు పలుకుతుంది. అందుకని 35కి కోసి, రంపంతో కొంచెం కొంచెం తగ్గిస్తూ, ట్యూనరు సరే అన్నచోట ఆగాను. రంధ్రాలు చిన్నవిగా వేసి గుండ్రటి ఆకురాయితో పెంచుకుంటూ పోయాను. రంధ్రం పెద్దదైతే స్వరం పైకి లేస్తుంది. ఊదే రంధ్రం వైపు గీస్తే ఇంకా లేస్తుంది. ఒకసారి గీశాక దించడం ఉండదు, మైనం మెత్తడమే. మూడు పైపులు పాడయ్యాయి. నాలుగోది ఐదారు సెంట్ల తేడాతో కుదిరింది. దాన్ని చూసుకుని బాగా మురిసిపోయానని ఒప్పుకోవాలి.

ఫిబ్రవరి 8

పెద్దాయన్ని బండి మీద తీసుకొచ్చాను. మందను అల్లుడు చూసుకుంటున్నాడు. మెట్లెక్కి గదిలోకి రాగానే చెప్పులు బయట విడిచాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ విడిచారు. చెల్లోను చూసి "ఇది వయొలీనుకు తాతా?" అన్నాడు.

కరెంటు పైపు చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి ఊదాడు. శ్రుతి శుద్ధంగా ఉంది, కార్డుతో గీత గీసినట్టు కలిసింది, వయొలిన్ల వాళ్లు తలలూపారు. ఒక నిమిషం తర్వాత ఆయన ఆపాడు.

"ఇది సినిమా పాటకు బాగుంటదయ్యా."

అంతే. ఆయన తప్పు పట్టలేదు. కానీ ఆ నిమిషంలో ఏం పోయిందో గదిలో అందరికీ వినపడింది. ఆయన గాంధారం మీద ఆగడం లేదు, మాటిమాటికీ దాటేస్తున్నాడు. సొంత పిల్లనగ్రోవి మీద ఎక్కువసేపు నిలిచేదే దాని మీద. ఇక్కడ నిలవడానికి చోటు లేదు.

రెండో సంగతి తాళం. నేను చెయ్యి ఊపుతూ నాలుగు లెక్కపెడుతుంటే ఆయన నా చెయ్యి వంక చూసి, చూసి, "ఈగలా?" అని అడిగాడు. ఇంటర్ రెండో ఏడు చదివే వయొలిన్ అమ్మాయి నవ్వు ఆపుకోలేక కమాను కింద పడేసుకుంది.

ఫిబ్రవరి, మిగతాదంతా

ముహూర్తాలు మొదలయ్యాయి. బ్యాండు వాళ్లు దొరకరు. పని లేనప్పుడు వినాలి గదా అని, ఇంతకు ముందు ఇలాంటి పనిలో చెయ్యి పెట్టినవాళ్లను విన్నాను.

రవిశంకర్ 1971లో ఆండ్రే ప్రెవిన్ నడిపిన లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన సితార్ కన్చెర్టో (ఒక వాద్యం ముందు, ఆర్కెస్ట్రా వెనక ఉండే రచన) మొదటి భాగం ఖమాజ్ రాగం. మనకు హరికాంభోజి దగ్గరి చుట్టం కాబట్టి చెవికి వెంటనే పట్టింది. ఢిల్లీలో ఆకాశవాణి వాద్యబృందాన్ని రవిశంకర్ తర్వాత 1956 నుంచి పన్నాలాల్ ఘోష్ నడిపాడు. ఆ తర్వాతి కాలంలో మన ద్రాక్షారామం వీణ విద్వాంసుడు ఈమని శంకరశాస్త్రి అదే బృందానికి సారథ్యం వహించాడు. వేణువు వాయించే మనిషి చేతికి ఆర్కెస్ట్రా ఇస్తే ఏమవుతుందో అరవై, డెబ్బై ఏళ్ల కిందటే ఇక్కడ చేసి చూశారన్నమాట. మనం ఏదో కొత్తగా కనిపెడుతున్నామనుకునే జబ్బుకు ఇది మంచి మందు.

అన్నిటికంటే ఎక్కువ పట్టుకున్నది జపాన్ స్వరకర్త తోరు తకెమిత్సు. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ 125వ వార్షికోత్సవం కోసం 1967లో ఆయన రాసిన "నవంబర్ స్టెప్స్"లో షాకుహాచి అనే వెదురు వేణువు, బివా అనే తీగవాద్యం ఉంటాయి. వాటిని ఆర్కెస్ట్రాలో కలపడానికి ఆయన పెద్దగా ప్రయత్నించడు. ఆ రెండూ వాయించుకుంటుంటే చాలాసేపు అంతమంది వాద్యకారులు చేతులు ముడుచుకుని కూర్చుంటారు. మా అత్తగారు వింటే "అదే నేను చెప్పింది" అనేవారు.

కానీ పక్కపక్కన కూర్చోబెట్టి ఊరుకోవడం నాకు చాలలేదు. పదకొండు మందిని ఆదివారాలు మానిపించి పిలుస్తున్నాను, వాళ్లకీ పని ఉండాలి.

మార్చి 1

గాంధారం తీసేశాను. పదకొండు పార్టుల్లో ఎక్కడా ఆ స్వరం లేదు. షడ్జమం, పంచమం, అక్కడక్కడా రిషభం. గాంధారం ఒక్క పెద్దాయనకే. కార్డులో మూడో స్వరం లేకపోతే మేజరా మైనరా అన్న గొడవే ఉండదు, ఆయన 330లో ఉన్నా 370లో ఉన్నా అడిగేవాళ్లు లేరు.

ఇద్దరు వయొలిన్ల వాళ్లను పూర్తిగా శ్రుతి వేసే పనికి పెట్టాను. డి తీగను అరస్వరం పెంచి ఇ-ఫ్లాట్, ఎ తీగను పెంచి బి-ఫ్లాట్. అంటే ఖాళీ తీగలే సా, పా. మన కర్ణాటక వయొలిన్ వాళ్లు ఎప్పుడూ తీగలు సా-పా-సా-పా అనే కట్టుకుంటారు. చర్చి వాళ్లకు మాత్రం ఇది అపచారంలా అనిపించింది. బృందంలో పెద్దవాడు, రైల్వేలో చేసి రిటైరైన బ్రదర్, "ఎ తీగ ఎ కాకపోతే వేలు ఎక్కడ పెట్టాలి బ్రదర్?" అని నిజంగా బాధపడ్డాడు. వేలు పెట్టొద్దనే కదా ఇదంతా అన్నాను. ఒక తీగ టప్పుమని తెగింది. కొత్త తీగ డబ్బులు నావి.

మార్చి 15

ఎండలు. మధ్యాహ్నం నాలుగింటికి పైగదిలో 34 డిగ్రీలు. పెద్దాయన వచ్చి కూర్చుని ఊదగానే శ్రుతి కుదరలేదు. ఈసారి ఆయనది పైన, మాది కింద. నాకు కాసేపు బుర్ర తిరిగింది, ట్యూనరు పాడైందేమో అని కూడా చూసుకున్నాను.

విషయం చిన్నదే. జనవరిలో పొద్దున ఆరున్నరకి చేలో 20 డిగ్రీలున్నప్పుడు నేను కొలిచాను. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది, వేణువు శ్రుతి లేస్తుంది. పది డిగ్రీలకు లెక్క ప్రకారం దాదాపు ముప్పై సెంట్లు. లోపలికి వెళ్లేది వెచ్చటి ఊపిరే కాబట్టి చేతలో అంత తేడా రాదు గానీ, ఇరవై అయినా వచ్చింది. అంటే ఇప్పుడు ఆయన దాదాపు అసలు ఇ-ఫ్లాట్‌కే వచ్చేశాడు. మేము గంటసేపు చెమటోడ్చి దిగిన పాతిక సెంట్లూ వృథా. పైగా వేడికి వయొలిన్ తీగలు సాగి కిందికి దిగుతాయి. ఆయన పైకి, వాళ్లు కిందికి, కీబోర్డు మాత్రం ఎంత ఎండైనా గవర్నమెంటు ఆఫీసులా కదలకుండా అక్కడే.

ఇకనుంచి శ్రుతి ముందుగా పెట్టుకోవడం లేదు. పెద్దాయన వచ్చి నీళ్లు పోసి విదిలించి ఐదు నిమిషాలు ఊది వెచ్చబడ్డాక, ఆయన్ని బట్టి మిగతావాళ్లం. పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో ఓబో అనే ఊదే వాద్యం ఇచ్చే ఎ స్వరానికి అందరూ శ్రుతి చేసుకుంటారు. మాకు ఆ ఓబో ఈయనే. కీబోర్డును బృందంలోంచి తీసేశాను. ఇక నేను పదకొండో మనిషిని, పని చెయ్యి ఊపడం. అదీ ఎలా ఊపాలో తెలీడం లేదు.

మార్చి 29

మట్టల ఆదివారం, చర్చి వాళ్లు ఆలస్యంగా వచ్చారు. వాళ్ల కోసం చూస్తూ కూర్చున్నప్పుడు పడిందీ ముడి విప్పే మాట. అన్నది బ్యాండు మాస్టారు.

ఆయన వయసులో ఉన్నప్పుడు తెనాలి చుట్టుపక్కల పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవాడట. నాకిన్నాళ్లూ తెలీదు. పెద్దాయన ఊదుతుంటే కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత నాతో అన్నాడు: "గురువుగారూ, మీరు కోపం తెచ్చుకోనంటే ఒక మాట. ఇది తాళంలో పెట్టే వ్యవహారం కాదండీ. ఇది పద్యం."

నేను నోరు తెరిచాను, మాట రాలేదు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పుట్టి పద్యనాటకం చూడనివాడు ఎవడు? పద్యం ఎత్తుకున్న నటుడు రాగం తీస్తూ ఎంతసేపు ఆగుతాడో హార్మోనిస్టుకు ముందు తెలీదు. చెయ్యి ఊపేవాడు ఉండడు. హార్మోనిస్టు నటుడి మెడ నరాలు చూస్తూ ఉంటాడు. ఆయన సాగదీస్తే స్వరం పట్టుకుని ఉంటాడు. ఊపిరి పీల్చుకునే ఖాళీలో, పాడిన ఆఖరి సంగతిని తిరిగి పలికించి అందిస్తాడు. ఆ అందించడం వల్లే నటుడికి మళ్లీ ఎత్తుకునే ఓపిక వస్తుంది. జనం వన్స్ మోర్ అంటే మళ్లీ మొదటికి.

న్యూయార్క్ దాకా వెళ్లి వెతికింది తెనాలి నాటకం కొట్టంలో ఉంది. హార్మోనియం పెట్టె మాత్రం వాడలేం. దాని రీడ్లు ఎక్కడ బిగించి ఉంటే అక్కడే, 350లో గాంధారం దానికి పుట్టదు. కావాల్సింది హార్మోనిస్టు బుద్ధి, అది పదకొండు మందికి రావాలి.

ఏప్రిల్ 12

స్కోరు తిరగరాశాను. తాళం లెక్క చూపే బార్లు లేవు, టైమ్ సిగ్నేచర్ లేదు. పేజీ నిండా గళ్లు. ఒక్కో గడిలో ఎవరు ఏ స్వరం పట్టుకుని ఉండాలో ఉంటుంది. గడి మారేది పెద్దాయన ఊపిరి తీసుకున్నప్పుడు. ఖాళీలో ఎవరు అందించాలో వంతులు: మొదటి ఊపిరికి క్లారినెట్, రెండోదానికి ఎవరూ లేరు, మూడోదానికి నాలుగు వయొలిన్లలో ఒకటి. అందించేది ఆయన ఆఖరి మూడు స్వరాలు, చెవితో విన్నవి. కాగితం మీద రాసి ఉండవు.

ఇది చర్చి వాళ్లకు మొదట చుక్కలు చూపించింది. కాగితం మీద లేనిది వాయించమంటే ఈతరాని వాణ్ని కాలవలో దింపినట్టే. బ్యాండు వాళ్లకు అది నీళ్లు తాగినంత సులువు, కానీ మెల్లగా వాయించడం రాదు. వాళ్ల లెక్కలో మెల్లగా అంటే వీధి చివరికి వినపడకపోవడం. యూఫోనియం బెల్లులో తువ్వాలు కుక్కాం.

మూడు గంటలు పట్టింది. ఐదోసారి వాయిస్తుండగా పెద్దాయన గాంధారం మీద ఆగాడు, చాలాసేపు, నేను మనసులో లెక్కపెడితే తొమ్మిది. కింద చెల్లో, రెండు శ్రుతి వయొలిన్లు, ఇంకేమీ లేదు. ఆ గాంధారం నెమ్మదిగా రిషభం వైపు జారింది. ఆయన ఊపిరి తీసుకున్నాడు. వంతు ఇంటరమ్మాయిది. ఆ అమ్మాయి వేలు తీగ మీద పైనుంచి కిందికి ఒకటే జారు జార్చి అక్కడే ఆపింది. ఏ స్టాఫ్ గీత మీదా లేని చోట. పెద్దాయన పిల్లనగ్రోవి పెదాలకు ఆనించుకునే ముందు అటు తిరిగి ఒక్క చూపు చూశాడు.

"ఆ పిల్లకు తెలిసింది," అన్నాడు తర్వాత. నాకు తెలిసిందని మాత్రం అనలేదు.

నా చెయ్యి ఊపే పని కూడా పోయింది. చివరి బెంచీలో కూర్చుని గళ్లు లెక్కపెడుతున్నాను. పదకొండు అని పేరే గానీ వాయించేది పది మందే. పేరు మార్చాలనిపించలేదు.

ఏప్రిల్ 26

రికార్డింగు. ఒక చిన్న ఏసీ హాలు మూడు గంటలకు మాట్లాడుకున్నాం. ఏసీ 22కి పెట్టి ఉంచారు. పెద్దాయన బయట 39 డిగ్రీల్లోంచి వచ్చి ఊదగానే శ్రుతి జనవరి చేలోకి వెళ్లిపోయింది. తీగలేమో చల్లబడి పైకి బిగుసుకున్నాయి. ఏసీ ఆపమంటే హాలు మనిషి, ఆపితే ఆపండి, డబ్బులు మాత్రం ఏసీవే అన్నాడు. ఆపేశాం. ఫ్యాన్ల చప్పుడు మైకులో పడుతోందని అవీ ఆపేశాం. పన్నెండు మంది, నాలుగు మైకులు, గాలి లేదు. క్లారినెట్ ఆయన చెమట మీటల మీద కారి ప్యాడ్లు అంటుకుంటుంటే సిగరెట్ కాగితం పెట్టి అద్దుకుంటూ వాయించాడు. మొదటి టేకు మధ్యలో ఎవరిదో ఫోన్లో అమ్మవారి పాట మోగింది. రెండోదానికి పెద్దాయన నాలుగో గడిలోనే ఆపి "దప్పిక" అన్నాడు. మూడోది ఆరు నిమిషాల నలభై సెకన్లు, మొదటి నుంచి చివరిదాకా వచ్చింది. చివర్లో యూఫోనియం తువ్వాలు జారి కింద పడ్డ చప్పుడు ఉంది. తీసేయాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాను.

మే 3

మంద వెనక్కి పోతోంది. తొలకరి పడేసరికి సొంతూరు చేరాలట, దారిలో మేపుకుంటూ నడిచి వెళ్తారు. రికార్డింగు పెన్‌డ్రైవ్‌లో పెట్టిస్తానంటే, అల్లుడి ఫోన్లోకి ఎక్కించమన్నాడు. గట్టు మీదే చెప్పుల మీద కూర్చుని విన్నాడు, మొదటి రెండు నిమిషాలు. తర్వాత గొర్రె ఏదో మడి దాటితే లేచి వెళ్లాడు.

డబ్బు ఇస్తే లెక్క చూసుకుని తీసుకున్నాడు. అప్పుడు అడిగాడు: "ఆ కరెంటు పైపుది ఉందా, పారేశావా?"

"ఉంది పెద్దయ్యా, బండిలోనే ఉంది."

"ఇయ్యి. మనవడికి. గొర్రె తొక్కినా పగలదు."

ఇచ్చేశాను. బిరడా కొంచెం వదులైంది, మైనం పెట్టుకోమని చెప్పాను. నీళ్లకు తోలేటప్పటి పాట ఒకటి, పొద్దున పూటది ఒకటి ఇంకా రికార్డు చేయాల్సినవి మిగిలాయి. మళ్లీ కోతలయ్యాక వస్తే కంకిపాడు వైపే వస్తానన్నాడు. ఈలోగా రెండో భాగానికి గళ్లు గీసి పెట్టుకోవాలి, బ్యాండు మాస్టారితో కూర్చుని. ఆయన మూఢం వచ్చేదాకా ఖాళీ లేదంటున్నాడు.